ఉద్దెర పుస్తకంలోంచి ఒక యాప్

మీ ఫోన్‌లో పదో ఇరవయ్యో యాప్‌లు ఉండే ఉంటాయి. అవన్నీ వందలమంది ఇంజనీర్లున్న పెద్ద కంపెనీల్లోనే తయారవుతాయని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. రాజస్థాన్‌లోని అల్వర్‌లో ఇమ్రాన్ ఖాన్ అనే ఉపాధ్యాయుడు ఒక్కరే యాభై దాకా చదువుల యాప్‌లు తయారుచేసి విద్యార్థులకు ఉచితంగా ఇచ్చారు. 2015 నవంబరులో లండన్ వెంబ్లీ సభలో ప్రధానమంత్రి ఆయన పేరు చెప్పాకే దేశమంతటికీ ఆ సంగతి తెలిసింది. మన తెలుగు సంగతే చూడండి. కంప్యూటర్లలో చాలాకాలం తెలుగువాళ్లు వాడుకున్న పోతన అక్షరాలను తీర్చిదిద్దింది తిరుమల కృష్ణ దేశికాచారి. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసుకునే లేఖినిని 2006లో మనకిచ్చింది వీవెన్. ఇవి కంపెనీలు చేసిన పనులు కావు.

చంద్రపూర్‌లోనో, బల్లార్షాలోనో, రాజురాలోనో డిగ్రీ చదువుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న పిల్లలకు ఒక సందేహం ఉంటుంది. రాయడం వచ్చింది సరే, ఏం రాయాలి? నన్నడిగితే మీ వీధి కిరాణం దుకాణానికి వెళ్లి, గల్లాపెట్టె పక్కన వేలాడే ఉద్దెర పుస్తకం చూడమంటాను. బొగ్గు గనుల్లో జీతాలొచ్చే తారీఖు దాకా ఎన్నో ఇళ్లు ఆ పుస్తకం మీదే గడుస్తాయి. అందులో ఉండేవి మూడే సంగతులు: ఎవరు, ఎంత, ఎప్పుడు. మీ యాప్ మొదటి కూర్పులోనూ ఆ మూడే ఉండాలి. సరుకు నిల్వలు, పన్ను లెక్కలు, రంగుల బొమ్మలు తర్వాత చూసుకోవచ్చు. గిరాకీ ఎదురుగా నిలబడి ఉంటే సేటు పెన్నుతో అయిదు సెకన్లలో రాసి పడేస్తాడు. మీ యాప్‌లో అదే పనికి అరనిమిషం పడితే మర్నాడు మళ్లీ పెన్నే తీస్తాడు, తప్పు ఆయనది కాదు.

పని చిన్నదే కాని లోతు తక్కువేం కాదు. డబ్బు లెక్కనే తీసుకోండి. మనం ఒకటిని మూడుతో భాగిస్తే 0.333 అంటూ ఎంతకీ తెగదు కదా? కంప్యూటరు వాడేది సున్నా, ఒకటి అనే రెండంకెలే కాబట్టి దానికి పదోవంతు కూడా అలాగే తెగదు. 0.1కి 0.2 కలపమంటే చాలా ప్రోగ్రాము భాషలు 0.30000000000000004 అని జవాబిస్తాయి. ఉద్దెర లెక్కలో ఇలాంటి తోక వేలాడితే సేటు ఊరుకుంటాడా? అందుకని రూపాయలుగా కాక పైసలుగా, దశాంశ బిందువు లేకుండా దాచాలి. 45 రూపాయల 50 పైసలను 4550 అని రాసుకోవాలి. తెర మీద చూపేటప్పుడు మాత్రం రూపాయలుగా చూపించవచ్చు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. సేటు ఫోన్‌లోనూ ఆయన కొడుకు ఫోన్‌లోనూ మీ యాప్ ఉందనుకుందాం. ఒక ఇంటి బాకీ 800 రూపాయలు. ఆ పూట సిగ్నల్ లేదు. సేటు 200 రూపాయల సరుకు ఇచ్చి ఎక్కించాడు, ఆయన ఫోన్‌లో బాకీ 1000 అయింది. కొడుకు బజారులో 500 జమ తీసుకున్నాడు, అతని ఫోన్‌లో 300 అయింది. సాయంత్రం సిగ్నల్ వచ్చాక రెండు ఫోన్లూ కలిశాయి. చివరికి అందినదే నిజమని నమ్మే యాప్ అయితే 1000 అంటుంది, కాదంటే 300 అంటుంది. రెండూ తప్పే, అసలు బాకీ 500. దీనికి ఉపాయం పాత గుమాస్తాలకు ఎప్పుడో తెలుసు. బాకీ మొత్తాన్ని దాచుకోకండి, ఒక్కొక్క పద్దునూ దాచుకోండి. ఎన్ని ఫోన్లలోంచి పద్దులు వచ్చినా అన్నీ ఒకచోట చేర్చి కూడితే మొత్తం అదే తేలుతుంది. పొరపాటు పడిన పద్దును చెరిపేయవద్దు, దానికి ఎదురు పద్దు వేయండి. ఎవరు ఎప్పుడు మార్చారో రేపు తగువొస్తే కనబడాలి.

ఇక భాష. ఇక్కడే మన ప్రాంతపు యువకులకు ఒక సౌకర్యం ఉంది. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఈ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు తెలుగు మాట అర్థమవుతుంది, తెలుగు అక్షరం చదవడం రాదు. ఎక్కడో దూరాన కూర్చున్న కంపెనీ తెలుగు యాప్ చేస్తే తెలుగు లిపిలో చేస్తుంది, మరాఠీ యాప్ చేస్తే మరాఠీ మాటల్లో చేస్తుంది. నాగరి లిపిలో తెలుగు కావలసినవాళ్లు దానికి కనిపించరు. మీకు కనిపిస్తారు, వాళ్లు మీ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి.

ఈ పని చేయడం ఎంత సులువో వింటే ఆశ్చర్యపోతారు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కొక్క సంఖ్య ఇచ్చిన పద్ధతిని యూనికోడ్ అంటారు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. అందులో తెలుగు అ సంఖ్య 3077, నాగరి అ సంఖ్య 2309. తెలుగు క 3093, నాగరి క 2325. తీసివేసి చూడండి, రెండు చోట్లా తేడా 768. మన లిపులన్నిటినీ ఒకే వరసలో పేర్చిన ఇస్కీ అనే భారతీయ ప్రమాణాన్ని యూనికోడ్ అనుసరించడం వల్ల కలిగిన మేలిది. తెలుగు మాటలో ఒక్కొక్క సంఖ్యలోంచి 768 తీసేస్తే చాలామటుకు నాగరిలో అదే మాట వస్తుంది. మన ళ మరాఠీవాళ్లకూ ఉంది, దానితో ఇబ్బంది లేదు. పేచీ అంతా హ్రస్వమైన ఎ, ఒలతోనే. నాగరిలో వాటికి సంఖ్యలున్నా మరాఠీ బడిలో ఆ అక్షరాలు నేర్పరు. మామూలు ఏ, ఓలతో సరిపెడితే మెడకూ మేడకూ తేడా ఉండదు. అక్కడ మాత్రం మనిషి కూర్చుని, తికమకపెట్టే మాటను మార్చి వేరే మాట పెట్టాలి. యంత్రం వల్ల కాదు.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జ్ఞానేశ్వర్ అన్న పేరునే చూడండి. మనం ఇంగ్లీషులో రాస్తే జి, ఎన్‌లతో మొదలుపెడతాం. మరాఠీవాళ్లు డి, ఎన్, వైలతో మొదలుపెడతారు. తండ్రి ఒకలా, కొడుకు ఇంకొకలా ఎక్కిస్తే ఒకే గిరాకీకి రెండు ఖాతాలు పుడతాయి. అన్నట్టు ఈ జ్ఞాకు ఒక చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో, లోపల కంటికి కనబడని గుర్తు ఒకటి చేరిన మన జ్ఞా అక్షరం ఐఫోన్ తెర మీదకు వస్తే చాలు, ఆ యాప్ కాస్తా మూతపడిపోయేది. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న కొత్త కూర్పు విడుదల చేసి దాన్ని సరిదిద్దుకోవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు కాబట్టి, మీరు యాప్‌ను పరీక్షించేటప్పుడు రాము, సీత అనే పేర్లతో సరిపెట్టకండి. మన వీధుల్లోని అసలు పేర్లు, ఒత్తులూ గుణింతాలతో సహా ఎక్కించి చూడండి.

చిరునామా అడిగేచోట రాష్ట్రం పేరు ఒక్కటే ఎంచుకోవాలని పట్టుబట్టకండి. జీవతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేనంటూ వచ్చిన పల్లెలున్నాయి. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్ల గురించి పత్రికల్లో చదివే ఉంటారు. ఉద్దెర లెక్కకు అసలు రాష్ట్రంతో పనేమిటి? అక్కర్లేని ప్రశ్న అడగకపోవడమే మంచిది.

ఖర్చు సంగతికి వస్తే, యాప్‌ను గూగుల్ దుకాణంలో పెట్టడానికి ఒకేసారి 25 డాలర్లు, ఆపిల్ దుకాణంలో ఏటా 99 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు తర్వాత సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్లకు గూగుల్ ఇంకో షరతు పెట్టింది: ముందుగా కొంతమంది 14 రోజులపాటు ఆ యాప్‌ను పరీక్షించాలి. మొదట్లో 20 మంది కావాలన్నారు, 2024 డిసెంబరులో 12కి తగ్గించారు. ఆ పన్నెండు మందీ కాలేజీ స్నేహితులైతే షరతు తీరుతుంది, పని తీరదు. పన్నెండు దుకాణాలు పట్టుకోండి. గల్లా వెనక నిలబడి, నోరు మెదపకుండా, సేటు వేలు ఎక్కడ ఆగుతోందో చూడండి.

డబ్బు తీసుకోండి, మొహమాటపడకండి. ఉచితమని చెప్పి, గిరాకీల పేర్లు, ఫోన్ నంబర్లు మరొకరికి అమ్ముకోవడం కంటే నెలకు యాభయ్యో వందో అడగడం ఎంతో మర్యాద. ఫలానా ఇంటికి ఇంత బాకీ ఉందన్న సంగతి ఆ ఇంటిది, మీది కాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత వివరాల రక్షణకు చట్టం కూడా చేసింది.

చివరగా ఒక మాట. రేపు మీకు పుణేలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తుంది. ఫోన్లు మారుతుంటాయి, వాటికి తగ్గట్టు యాప్‌ను సరిచేస్తూ ఉండాలని గూగుల్ అడుగుతూనే ఉంటుంది. మీకు తీరిక ఉండదు. అప్పుడు సేటుకు రావలసిన బాకీలన్నీ ఎక్కడుంటాయి? కాబట్టి మొదటి రోజే ఒక బటన్ పెట్టండి. అది నొక్కితే పేర్లు, తారీఖులు, పద్దులు అన్నీ ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే మామూలు ఫైలుగా బయటికి రావాలి. జిరాక్స్ దుకాణంలో కాగితం మీద తీయించుకునేలా ఉండాలి. నెలకొకసారి ఏదో ఒక దుకాణంలో సేటు చేతనే ఆ బటన్ నొక్కించండి. వచ్చిన కాగితం పట్టుకుని ఓ రెండు ఖాతాలు ఆయన ముందే కూడి చూడండి.