కారు ఇప్పుడే కొందామా, ఆగుదామా?

సోమందేపల్లె బస్టాండు దగ్గర టీ తాగుతూ రోడ్డు వైపు కాసేపు నిలబడితే చాలు, దేశంలో ఎన్ని రకాల కార్లున్నాయో తెలిసిపోతుంది. హైదరాబాదు నుండి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. పెద్దవాళ్ళు ఇంకా పాత అలవాటుగా 7వ నంబరు అనే అంటారు. పక్కనే పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడ నుండి మొదటి సెల్టోస్ బండ్లు బయటికి వచ్చాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ వేరుశనగ సీమలో ఒకప్పుడు కారంటే పెండ్లికో ఆస్పత్రికో మాట్లాడుకునే బాడుగ బండి. ఇప్పుడు రోడ్డు పక్క భూములకు ధరలొచ్చాయి, పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఏ కారు కొందాం, ఎప్పుడు కొందాం అనే మాట మన సంఘ కుటుంబాల్లో కూడా వినబడుతోంది.

2025 డిసెంబరు మొదటి వారంలో వేరే పని మీద ఆ వైపు వెళ్ళి, ఒక కుటుంబం వారింట రాత్రి భోజనానికి ఆగాము. అన్నం తింటుండగా ఈ సంగతే వచ్చింది. మాకు చెప్పినదంతా పత్రికలో రాయడానికి ఒప్పుకున్నారు గాని పేర్లు వద్దన్నారు. కాబట్టి పెద్దాయన, పెద్దమ్మ, కొడుకు, కోడలు అనే రాస్తాము.

పెద్దాయన రిటైరైన ఉపాధ్యాయుడు. అయిదెకరాల మెట్ట ఉండేది. రోడ్డు వైపున్న ఎకరం 2021లో అమ్మగా వచ్చిన సొమ్ములో 25 లక్షలు బ్యాంకులో డిపాజిటు వేశారు. మిగిలిన నాలుగెకరాలకు నీళ్ళు లేవు. మొదటి బోరు ఎండిపోయింది, రెండవది 900 అడుగులు దించినా దుమ్మే వచ్చింది. కొడుకు, కోడలు ఇద్దరూ బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. పెద్దమ్మకు నెలకోసారి అక్కడి ఆస్పత్రిలో చూపించుకోవాలి.

ఇలా ఉండగా 2025 సెప్టెంబరు ఆఖరి వారంలో కొడుకు, ఇంట్లో చెప్పకుండా, 50 వేలు కట్టి ఒక పెద్ద సెడాన్ బుక్ చేశాడు. అన్నీ కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి 50 లక్షలు దాటే బండి. దసరా సెలవులకు వచ్చినప్పుడు మెల్లగా విషయం చెప్పి, డిపాజిటులో నుండి 20 లక్షలు అడిగాడు. మిగిలిన 30 లక్షలు లోను.

అతడు తెలివి తక్కువవాడు కాదు. అతని లెక్క అతనికుంది. అప్పటిదాకా 1500 సీసీ దాటిన పెద్ద సెడాన్‌కు జీఎస్టీ 28 శాతం, దాని మీద సెస్సు 20 శాతం, మొత్తం 48 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి సెస్సు తీసేసి ఒకటే 40 శాతం చేశారు. పన్ను లేని ధర 30 లక్షలు అనుకుంటే, ముందు 44 లక్షల 40 వేలయ్యే కారు ఇప్పుడు 42 లక్షలకు వస్తుంది. అంటే 2 లక్షల 40 వేలు మిగులు. చిన్న కార్లకైతే ఇంకా ఎక్కువ తగ్గింది, దాదాపు 30 శాతం నుండి 18కి. ఆగస్టు 15న ప్రధానమంత్రి జీఎస్టీ తగ్గుతుందని ఎర్రకోట మీద నుండి చెప్పిన తరువాత అయిదు వారాలు ఓపిక పట్టినవాళ్ళందరికీ లాభమే కలిగింది. (తమాషా ఏమిటంటే, ఈ పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ కూడా వీరికి దగ్గరలోనే, పాలసముద్రంలో, 2024 జనవరిలో ప్రారంభమైంది.)

"ఇంతకంటే మంచి సమయం రాదు నాయనా. ఇప్పుడు తీసుకోకపోతే మళ్ళా రేట్లు పెంచుతారు" అన్నాడట కొడుకు.

పెద్దాయనకు నవ్వు వచ్చిందట. ఎందుకంటే ఆయన తరం వారికి ఆగడమంటే ఎవరూ నేర్పనక్కరలేదు. బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూసిన రోజులవి. కార్లలో అంబాసిడర్, పద్మిని, ఆ తరువాత 1983 డిసెంబరులో వచ్చిన మారుతి, 1984లో గొప్పవాళ్ళ కోసం వచ్చిన కాంటెస్సా, అంతే. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సులు ఎత్తివేశాక విదేశీ కంపెనీలు వరుసగా దిగాయి. అప్పుడు జనం ఎంత తొందరపడ్డారంటే, పాల్-ప్యూజో కారుకు ముందుగా డబ్బు కట్టి, ఫ్యాక్టరీలో సమ్మెలు వచ్చి, విదేశీ భాగస్వామి తప్పుకుని, బండీ రాక, డబ్బు కోసం తిరిగినవారు చాలామంది. అప్పట్లో ఆగక తప్పేది కాదు. ఇప్పుడు ఫోనులోనే లోను ఇస్తామంటారు. ఆగాలంటే మనమే ఆగాలి.

ఆ దసరాకే ఇంకొకటి జరిగింది. కొడుకు తన స్నేహితుని కారు, అదే రకం సెడాన్, రెండు రోజులకు అడిగి తెచ్చాడు, అమ్మానాన్నలు కూర్చుని చూస్తే ఒప్పుకుంటారని. హైవే మీద నీళ్ళ మీద పడవలా వచ్చిన బండి, ఊళ్ళో సందు మలుపులో మోరీ ఎక్కేటప్పుడు కింద గీసుకుని ఆగింది. నలుగురు దిగి, ఇటుకలు పెట్టి, ఎట్లనో దాటించారు. పల్లె దారుల్లో ఎత్తుగా ఉండే బండ్లకు గిరాకీ ఎందుకో మాకప్పుడు అర్థమయింది. ఎర్రమంచిలో చేసే సెల్టోస్ కూడా ఆ ఎత్తు రకమే.

ఆదివారం గుడి ముందర బండి నిలిపితే పిల్లలందరూ చుట్టూ చేరి చేతులతో తడిమారట. కొడుకు సంతోషపడ్డాడు. పెద్దమ్మ మాత్రం ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదట. మేము అడిగితే ఇలా అన్నది: "ఆ పొద్దు ఇద్దరు అప్పు అడగనీకె వచ్చినారు సామీ. ఎప్పుడూ కష్టం చెప్పుకునే ఆడోళ్ళు మాత్రం గడప తొక్కలేదు."

మంచి కారు ఎక్కడం పాపమని మేము అనము. అలా అనేవారు మన సంఘాల్లో ఉన్నారు. వారిలో కొందరు ఎవరైనా కారు ఇస్తామంటే ముందు సీటులో కూర్చోవడం కూడా చూశాము. ఇక్కడి ప్రశ్న అది కాదు. ఈ డబ్బుతో రాబోయే ఏడేళ్ళలో ఏమేమి జరగాలి, దానిలో ఎంత కారుకు పోతుంది అన్నదే ప్రశ్న.

ఆ లెక్క కోడలు వేసింది. సోమవారం రాత్రి ప్రార్థన అయిన తరువాత ఒక కాగితం తీసుకుని కూర్చుందట. ఆ కాగితం కుటుంబ బైబిలులో మడిచి పెట్టి ఉంది, మాకు చూపించారు. పాఠకులకు పనికి వస్తుందని అందులోని అంకెలు రాస్తున్నాము.

30 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు. నెలకు కంతు 48,267 రూపాయలు. మొత్తం కట్టేది 40 లక్షల 54 వేలు. అంటే వడ్డీయే పదిన్నర లక్షలు. పన్ను తగ్గి మిగిలిన 2 లక్షల 40 వేల పక్కన ఈ పదిన్నర లక్షలు రాసి, కోడలు కింద రెండు గీతలు గీసింది.

తరువాత ఇన్సూరెన్సు. బండి పోతే కంపెనీ ఇచ్చే విలువకు ఒక పట్టిక ఉంది. ఆరు నెలల లోపు బండికి ధరలో 5 శాతం తగ్గిస్తారు, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, అయిదేళ్ళకు 50. అయిదేళ్ళు నిండేసరికి 42 లక్షల బండి విలువ 21 లక్షలు. అప్పటికి కంతుల రూపంలో దాదాపు 29 లక్షలు కట్టి ఉంటారు, ఇంకా పదిన్నర లక్షలు బాకీ ఉంటుంది.

ఆ 20 లక్షలు బ్యాంకులోనే ఉంటే, 7 శాతం చొప్పున ఏడాదికి లక్షా 40 వేల వడ్డీ వస్తుంది. వాన రాని ఏడు ఆ యింట్లో బియ్యం, మందులు, విత్తనం అన్నీ దాని మీదనే. ఇది రాసి కోడలు కలం కింద పెట్టి, "మామా, మా ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే ఈ కంతు ఎవరు కట్టాల?" అని అడిగిందట. బెంగళూరులో ఉద్యోగాలు ఎలా పోతున్నాయో ఆమెకు తెలుసు. ఆమె టీములోనే ఆ ఏడాది ముగ్గురిని పంపేశారు.

బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరు చేయాలన్న చిక్కు కూడా ఉంది. బెంగళూరులో కొని, ఎక్కువ కాలం సోమందేపల్లెలో ఉంచుతామంటే, 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. లైఫ్ ట్యాక్సు మళ్ళీ ఇక్కడ కట్టి, అక్కడ కట్టినదానిలో మిగిలింది తిరిగి రావడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. బెంగళూరు నుండి కారు తెద్దామనుకునే కుటుంబాలు ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంతవరకు అంకెలు ఆగమనే చెప్పాయి. అప్పుడు కొడుకు ఒక మాట అన్నాడు. ఆ మాట మాకు చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతు మారింది.

"అంతా నిజమే నాయనా. ఏడేళ్ళు ఆగితే అప్పు లేకుండా కొంటా. అప్పుడు నీకు డెబ్బై అయిదు. అమ్మ మోకాళ్ళతో బండి ఎక్కగలదో లేదో. నేను చిన్నప్పుడు జ్వరమొస్తే లారీ ఆపి నన్ను భుజాన వేసుకుని హిందూపురం తీసుకుపోయినావు. మీరు కూర్చోని కారు నాకు ఏంటికి?"

దీనికి లెక్కల్లో జవాబు లేదు. ఆగమని చెప్పే పెద్దలు చాలామంది ఈ మాటను లెక్కలోకి తీసుకోరు. ఆగడానికి కూడా ఖర్చు ఉంటుంది, అది డబ్బు రూపంలో ఉండదు. మేము విని ఊరకున్నాము.

పెద్దమ్మ లేచి లోపలికి పోయి ఒక పాత నోటుబుక్కు తెచ్చిందట. పాలు, చాకలి, కరెంటు లెక్కలు రాసుకునే పుస్తకం. అందులో ఆస్పత్రి ప్రయాణాలు వేరే పేజీలో రాసి ఉన్నాయి. గడిచిన 12 నెలల్లో 12 సార్లు బెంగళూరు పోయి వచ్చారు. ప్రతిసారీ బాడుగ కారు, 4,500 రూపాయలు. ఏడాదికి 54 వేలు. కొడుకు కొనబోయే బండికి ఒక నెల కంతు 48 వేలు. ఏడాది ఆస్పత్రి బాడుగంతా ఒక నెల కంతుకు కాస్త ఎక్కువ!

పెద్దమ్మ చూపించాలనుకున్నది ఆ అంకె కూడా కాదు. ఆ పేజీలో ప్రతి ప్రయాణం పక్కన ఎవరు వెంట వచ్చారో రాసి ఉంది. పన్నెండింటిలో తొమ్మిదిసార్లు పెద్దాయన, రెండుసార్లు పక్కింటి పిల్లవాడు, ఒకసారి కొడుకు.

"కారు నాకు ఉండాది నాయనా, బాడుగకు. కూడా వచ్చేవాడే లేడు" అన్నదట.

కొడుకు ఆ రాత్రి భోజనం చేయలేదు. తెల్లవారి ఫోను చేసి బుకింగు రద్దు చేశాడు. 50 వేలు మూడు వారాలకు తిరిగి వచ్చాయి. ఎక్కువ సొమ్ము కట్టి ఉంటే ఇంత సులభంగా తేలేది కాదు. బుకింగుకు ఎంత తక్కువ అడిగితే అంతే కట్టండి, రద్దు చేస్తే ఎంత కోస్తారో రసీదు మీద రాయించుకోండి.

కారు వద్దనుకున్నారని కాదు. అదే కాగితం వెనక వైపు కొడుకు చేతి రాతతో మూడు వాక్యాలున్నాయి. డిపాజిటు ముట్టకూడదు. నెలకు 40 వేలు వేరే ఖాతాలో వేయాలి. 2028 డిసెంబరులో ఆ ఖాతా చూసి, ఏ బండి వస్తే ఆ బండి, సందు మోరీ దాటే ఎత్తుది. పెద్దాయన లూకా సువార్తలో గోపురం కట్టే ముందు కూర్చుని లెక్క చూసుకునే మనిషిని గుర్తు చేసి, "మావాడు పునాది వేసినాక కూర్చున్నాడు. అయినా కూర్చున్నాడు కదా!" అన్నారు.

తేదీ రాసుకున్నది మాకు నచ్చింది. ధర తగ్గితే కొందాం, వడ్డీ తగ్గితే కొందాం, కరెంటు కార్లు ఇంకా బాగుపడితే కొందాం అంటూ కూర్చుంటే దానికి అంతం లేదు. కరెంటు బండ్లకు జీఎస్టీ ఇప్పటికీ 5 శాతమే కాబట్టి, 2028 నాటికి వీరి ఆలోచన అటు తిరిగినా ఆశ్చర్యపోము. రోజూ బండి మీద బ్రతికేవారి సంగతి, చేతిలో ఉన్న మిగులు డబ్బుతో కొనేవారి సంగతి వేరు. వారికి 2025 సెప్టెంబరు తగ్గింపు నిజంగా మంచి అవకాశమే. భూమి అమ్మిన సొమ్ము మాత్రం, మా అభిప్రాయంలో, చక్రాల కిందికి పోకూడదు. ఎకరం మళ్ళీ రాదు.

మేము భోజనం ముగించి లేచేసరికి వాకిట్లో బాడుగ కారు ఆగింది. ఆ రోజు పెద్దమ్మ ఆస్పత్రి రోజు కాదు. మరుసటి రోజు తెల్లవారి నాలుగింటికే బయలుదేరాలని డ్రైవరు ముందుగానే వచ్చాడు, రాత్రికి అక్కడే పడుకుంటాడట. కొడుకు బెంగళూరు నుండి అదే బండిలో దిగాడు. అక్టోబరు నుండి ఇది మూడవసారి అని పెద్దాయన చెప్పారు. పెద్దమ్మ నోటుబుక్కు తీసి, రేపటి తేదీ వేసి, 4,500 అని రాసి, పక్కన కొడుకు పేరు రాసింది.