కొత్త సెడానా, సెకండ్ హ్యాండ్ సెడానా? మున్నేరు వరద తర్వాత మా ఇంట్లో వేసిన లెక్క

ఖానాపురం హవేలి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఈ మధ్య నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, చేతిలో మూడు నాలుగు లక్షలు ఉన్నాయి, ఇంట్లో ఐదుగురం, సెడాన్ కావాలి. లోన్ పెట్టి కొత్తది తీసుకోవాలా, సెకండ్ హ్యాండ్ చూసుకోవాలా?" నిజం చెప్పాలంటే పోయిన ఏడాదంతా మా ఇంట్లో కూడా ఇదే గొడవ. అందుకే ఈ వీడియోలో షోరూమ్ కబుర్లు కాకుండా, మా ఇంట్లో కాగితం మీద వేసుకున్న లెక్క, మా మామయ్యకి జరిగింది, రెండూ చెప్తా. కొంచెం లెంగ్త్ ఎక్కువైనా ఓపిక పట్టండి.

ముందు ఏ బండ్ల గురించి మాట్లాడుతున్నామో క్లియర్‌గా చెప్పుకుందాం. మిడ్‌సైజ్ సెడాన్ అంటే హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. మారుతి సియాజ్ కూడా ఇందులోదే, కానీ దాన్ని కంపెనీ 2025లో ఆపేసింది, ఇక సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతది. అందరూ ఎస్‌యూవీ ఎస్‌యూవీ అంటున్నారు గానీ, అమ్మానాన్న, నాయనమ్మ, చెల్లి, నేను కలిసి భద్రాచలం పోవాలంటే డిక్కీ కావాలి. సిటీ డిక్కీ 506 లీటర్లు, సియాజ్ 510, వెర్నా 528. నాయనమ్మ మోకాళ్లకి సెడాన్ సీట్ ఎత్తు కూడా కరెక్టు, పైకి ఎక్కే పని లేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం జాగ్రత్త, ఐదుగురు కూర్చుంటే కింద తగిలే బండ్లు ఉన్నాయి. అందులో స్లావియా, వర్టస్ కొంచెం నయం, 179 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉంటది. సిటీకి 165.

ఇప్పుడు కొత్త బండి లెక్క. యాడ్‌లో కనపడేది ఎక్స్ షోరూమ్ రేటు. లెక్క సులువుగా ఉండటానికి 12 లక్షలు అనుకుందాం. తెలంగాణలో పది లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్స్ 2022 నుంచి 17 శాతానికి తక్కువ లేదు. అంటే 2 లక్షల 4 వేలు. ఇన్సూరెన్స్ ఒక యాభై వేలు వేసుకోండి, కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లది ఒకేసారి కట్టాలి. పది లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీసీఎస్, అది 12 వేలు, రిటర్న్ ఫైల్ చేసేవాళ్లకి లెక్కలో తిరిగొస్తది. మొత్తం పద్నాలుగు లక్షల అరవై వేలు దాటింది. 12 లక్షల బండి అని మొదలుపెట్టాం, గుర్తుంది గదా.

"జీఎస్టీ తగ్గింది గదన్నా" అంటారు. తగ్గింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి 18 శాతం అయింది. కానీ ఆ చిన్న కారు పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండాలి. మన సెడాన్ నాలుగున్నర మీటర్లు. దీనికి 40 శాతం. ఇంతకుముందు సెస్‌తో కలిపి 45 ఉండేది, అంటే తగ్గింది గానీ మీ పక్కింటాయన చిన్న కారుకి తగ్గినంత కాదు.

పది లక్షలు లోన్, ఐదేళ్లు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే నెలకి 20,758 రూపాయలు. మొత్తం వడ్డీ రెండు లక్షల నలభై ఐదు వేలు. ఇంకో పక్క బండి విలువ పడిపోతా ఉంటది. ఎంత పడిపోతదో తెలుసుకోవాలంటే ఇన్సూరెన్స్ వాళ్ల ఐడీవీ టేబుల్ చూడండి. ఆరు నెలలు దాటితే 15 శాతం కోత, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లకి 40, నాలుగేళ్లకి 50. అది కూడా 12 లక్షల మీదే. లైఫ్ ట్యాక్స్ కట్టిన రెండు లక్షలు అమ్మేటప్పుడు విడిగా ఎవడూ ఇవ్వడు.

మరి కొన్నవాడికి? తెలంగాణలో రిజిస్టరైన బండి తెలంగాణలోనే కొంటే ఆ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఉన్న అసలు లాభాల్లో ఇదొకటి. ఏడు లక్షల్లో ఐదారేళ్ల బండి, మూడు లక్షలు చేతి నుంచి, నాలుగు లక్షలు లోన్. పాత బండికి వడ్డీ ఎక్కువ, మాకు 14 శాతం చెప్పారు. నాలుగేళ్లకి వేస్తే నెలకి 10,930 అవుతది. కొత్తదాంట్లో సగం. మా నాన్న ఈ రెండు అంకెలు చూసి "ఇంక మాట్లాడేదేముంది, పాతదే" అన్నాడు. నేనూ సరే అన్నా. అప్పటికి మా మామయ్య బండి ఆగిపోలేదు.

మామయ్యది మిర్చి వ్యవసాయం. 2025 జనవరిలో ఆయన ఒక సెడాన్ కొన్నాడు. 2019 మోడల్, 43 వేల కిలోమీటర్లు, ఐదు లక్షల ఇరవై వేలు. అదే మోడల్ బయట ఆరున్నరకి తక్కువ లేదు. ఎందుకింత తక్కువ అని నేను అడిగితే, "ఆయనకి అర్జంటు అంటరా, బిడ్డ పెళ్లంట" అన్నాడు. లోపల కొత్త సీట్ కవర్లు, కొత్త మ్యాట్లు, మంచి సెంటు వాసన. మేమంతా ఫొటోలు దిగాం. నేను కూడా, రోజూ బండ్ల గురించి మాట్లాడేవాణ్ణి, బానెట్ ఎత్తి చూసి బాగుంది మామయ్యా అన్నా. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటది.

మే నెలలో భద్రాచలం పోయి వస్తున్నారు. మామయ్య, అత్త, వాళ్ల కోడలు, ఒళ్లో ఏడు నెలల పాప. రాత్రి తొమ్మిదిన్నర. సారపాక దాటి పాల్వంచ వైపు అడవి రోడ్డు. ముందు ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగింది. తర్వాత మీటర్లో ఉన్న లైట్లన్నీ ఒకేసారి. స్టీరింగ్ గట్టిపడిపోయింది, మలుపులో. ఈ బండ్లకి పవర్ స్టీరింగ్ కరెంటుతో పనిచేస్తది, కరెంటు పోతే తిప్పడానికి రెండు చేతుల బలం కావాలి. ఎట్లనో పక్కకి తెచ్చి ఆపాడు. ఫోన్లో ఒక గీత సిగ్నల్. వెనక నుంచి లారీలు. హజార్డ్ లైట్లు కూడా వెలగలేదు, ఫోన్ టార్చ్ పట్టుకుని అత్త రోడ్డు మీద నిలబడింది. గంటన్నర తర్వాత ఒక బొలేరో ఆయన ఆగి పాల్వంచ దాకా తీసుకొచ్చాడు.

తర్వాత మెకానిక్ డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ లేపితే కింద ఎండిపోయిన ఒండ్రు మట్టి. వైరింగ్ సాకెట్లలో పచ్చటి పొడి. రిపేర్ ఎస్టిమేట్ లక్షా నలభై వేలు. అది కూడా "మళ్లీ రాదని గ్యారంటీ ఇవ్వలేను" అని చెప్పి మరీ.

ఇప్పుడు గుర్తు చేసుకోండి, 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మున్నేరు 36 అడుగులు. బొక్కలగడ్డ, ప్రకాశ్ నగర్, జలగం నగర్, రాజీవ్ గృహకల్ప, అన్నీ నీళ్లల్లో. ప్రకాశ్ నగర్ బ్రిడ్జి మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ వేసుకుపోయి తెచ్చిన వీడియో మీ అందరి ఫోన్లలో తిరిగింది. అవే రోజుల్లో ఇటు నూటపాతిక కిలోమీటర్ల దూరంలో విజయవాడలో బుడమేరు. ఇళ్ల ముందు పెట్టిన బండ్లు పెట్టినట్టే మునిగిపోయాయి. ఆ బండ్లన్నీ ఏమయ్యాయి అని ఎప్పుడైనా ఆలోచించారా?

రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు దాన్ని టోటల్ లాస్ కింద తీసుకుని ఓనర్‌కి డబ్బులిస్తారు, బండి స్క్రాప్ కొనేవాళ్లకి పోతది. అక్కణ్ణించి కొన్ని ముక్కలైపోతాయి, కొన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ రోడ్డెక్కుతాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకి వరదకి రూపాయి రాదు. వాళ్లు సొంతంగా కడిగించుకుని అమ్ముకున్నారు. మునిగినవాళ్లది తప్పని నేననను, ఇల్లే పోయినవాళ్లున్నారు. చెప్పకుండా అమ్మడం తప్పు, అంతే.

నీళ్లు ఇంజన్‌ని చంపుతాయని అందరికీ తెలుసు. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి నీళ్లు పోయి రాడ్లు వంగుతాయి. కానీ అది అప్పుడే తెలిసిపోతది. తెలియకుండా చంపేది వైరింగ్. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ గేర్ రాడ్ దగ్గర కన్సోల్ కింద ఉంటది, సీటు బెల్టు కనెక్టర్లు సీట్ల కింద ఉంటాయి. సీటు ఎత్తు దాకా నీళ్లొస్తే అవన్నీ తడిసినట్టే. రాగి తీగ ఒక్కరోజులో తుప్పు పట్టదు. నాలుగు నెలలు, ఎనిమిది నెలలు పడతది. అమ్మినప్పుడు ఏ లైటూ వెలగదు.

అందుకే నేను ఇప్పుడు ఏ బండి దగ్గరకి పోయినా ముందు డిక్కీ తెరిచి స్టెప్నీ తీస్తా. ఆ గుంత కడగడం చాలామంది మర్చిపోతారు, మూలల్లో సన్న మట్టి ఉంటది. తర్వాత సీటు బెల్టు ఆగేదాకా మొత్తం బయటికి లాగుతా. చివరి అడుగు బెల్టు ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉంటది గదా, మునిగిన బండికి అక్కడ మట్టి గీత కనపడతది. సీట్ల కింద బోల్టులు చూడండి, 40 వేల కిలోమీటర్ల బండికి అవి తుప్పు పట్టాల్సిన పని లేదు. హెడ్‌లైట్ లోపల మసక గీత. ఏసీ ఫుల్లుగా పెట్టి, అద్దాలు మూసి ఐదు నిమిషాలు కూర్చోండి, సెంటు వెనక నుంచి చిత్తడి వాసన వస్తది. అమ్మేవాడు కార్పెట్ లేపనివ్వకపోతే అక్కడితో లేచి వచ్చేయండి, బాధపడేదేం లేదు. స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకుపోండి. ఐదారు లక్షలు పెట్టేవాడికి ఆయన ఫీజు ఒక ఖర్చు కాదు.

ఫోన్లో చేసే పని కూడా ఉంది. ఎంపరివాహన్‌లో నంబర్ కొట్టండి, ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో వస్తది. తర్వాత అమ్మేవాణ్ణి రెండు పాత పాలసీలు అడగండి, వరద ముందుది ఒకటి, తర్వాతది ఒకటి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఉంటది. ఏటా 20, 25, 35, 45, 50 అని పెరుగుతది. 45 ఉన్నది సున్నా అయిందంటే మధ్యలో క్లెయిమ్ తీసుకున్నారు, లేదా ఓనర్ మారాడు, లేదా పాలసీ గడువు దాటిపోయింది. ఏదైనా అడగాల్సిన ప్రశ్నే. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఓనర్‌నే వెంట పెట్టుకుని పోయి సర్వీస్ హిస్టరీ చూడండి, మీటర్ వెనక్కి తిప్పితే అక్కడ దొరికిపోతది. ఆంధ్ర బండి చవకగా వస్తుందంటే, ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టాలని లెక్కలో కలపండి.

కొన్నాక ఆర్‌సీ మార్చుకోకుండా తిరిగేవాళ్లు మన దగ్గర చాలామంది. ఇది అమ్మేవాళ్లకి ఇంకా డేంజర్. యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం రిజిస్టర్లో పేరున్న ఓనర్ మీదికే వస్తదని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. 29, 30 ఫారాలు అదే వారం పెట్టేయండి. ఫైనాన్స్ ఉన్న బండైతే 35 కూడా.

ఇంతా చెప్పి కొత్త బండిని తీసిపారేస్తే అన్యాయం. కొత్త వెర్నాలో బేస్ మోడల్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు, 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు. స్లావియా, వర్టస్‌కి కూడా ఐదే. అదే 2019 జులైకి ముందు తయారైన బండికి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, వేరియంట్ చూసి కొనాలి. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు, రాత్రిపూట కుటుంబంతో హైవే మీద పోయేవాళ్లు, జీతం స్థిరంగా ఉన్నవాళ్లు కొత్తది తీసుకోండి అనే నేను చెప్తా. మేము ఏడాదికి ఎనిమిది వేలు కూడా తిరగం. ఇరవై వేల ఈఎమ్ఐ కట్టి బండిని చెట్టు కింద పెట్టుకోలేం.

చివరికి మేము తీసుకున్నది 2020 చివర్లో రిజిస్టరైన పెట్రోల్ సియాజ్, బీఎస్6, ఏడు లక్షల పదివేలు. అమ్మినాయన రిటైర్డ్ టీచర్, ఒక్కడే ఓనర్, సర్వీస్ బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉన్నాయి. వరద రోజు బండి ఎక్కడుంది అని మొహం మీదే అడిగా. ఆయన ఏమీ అనుకోలేదు, హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉన్నామని చెప్పి, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఓపెన్ చేసి ఆగస్టు 30 టోల్ ఎంట్రీ చూపించాడు. అయినా స్టెప్నీ తీశా. ఆయన నవ్వి, టార్చ్ ఆయనే పట్టుకున్నాడు.

మామయ్య బండి రిపేర్ చేయించలేదు. అమ్మేద్దామంటే రెండు లక్షలకి అడిగారు. మునిగిన బండి అని చెప్పి అమ్మాలా, చెప్పకుండా అమ్మాలా అని ఇంట్లో నాలుగు రోజులు నడిచింది. అత్త ఒప్పుకోలేదు, ఇంకో పాప ఎక్కుతది అంది. లక్షా పదికి పార్టుల కింద ఇచ్చేశారు.