కుక్కపిల్ల ధర కాదు, ఎనిమిదేళ్ల తిండి లెక్క చూడండి

భారీ జాతి కుక్కల పెంపకం: ఖర్చులు, జాగ్రత్తలు

నారాయణవలస సంతకో, మానాపురం సంతకో వెళ్లి ఎడ్లజత కొనేటప్పుడు ఎంత పరీక్ష చేస్తాం! పళ్లు చూస్తాం, సుడులు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. ఇంట్లో గడ్డివామి ఎన్నాళ్లొస్తుందో మనసులో లెక్కేసుకున్నాకే బేరంలోకి దిగుతాం. అదే కుక్కపిల్ల దగ్గరకొచ్చేసరికి ఈ జాగ్రత్త ఏమైపోతుందో తెలీదు. సెల్‌ఫోన్‌లో బొమ్మ చూసి, ముద్దుగా ఉందని డబ్బు కట్టేస్తాం. ఏడాది తిరిగేసరికి అది మనిషంత బరువై గుమ్మంలో కూర్చుంటుంది. దాని గిన్నె నింపడం ఎలాగన్న ఆలోచన అప్పుడు మొదలవుతుంది.

ఉద్దానం కొబ్బరి, జీడితోటల్లో, విజయనగరం వైపు మామిడితోటల్లో, కోళ్లషెడ్ల దగ్గర, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలాకు కుక్క ఉండాల్సిందే. కాదనేవారు లేరు. అయితే అది ఏ సైజు కుక్కై ఉండాలన్నదే ప్రశ్న. పెద్ద జాతి కుక్క తేవాలనుకుంటే ముందు ఈ లెక్కలు ఒకసారి చూడండి.

ఏవి భారీ జాతులు?

ఊరకుక్క సాధారణంగా 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. ఆల్సేషన్ పోతు 30 నుంచి 40 కిలోలు. వీటిని భారీ జాతులనరు. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, మాస్టిఫ్, కాకేషియన్ షెపర్డ్ లాంటివి ఆ కోవలోకి వస్తాయి. గ్రేట్ డేన్ 50 నుంచి 80 కిలోల దాకా పెరుగుతుంది. ఇంగ్లిష్ మాస్టిఫ్ 70 దాటి వంద కిలోలకు దగ్గరపడటమూ ఉంది. ఒళ్లు ఎంత పెద్దదో ఆయుష్షు అంత చిన్నది. ఊరకుక్కను సరిగా చూసుకుంటే పన్నెండేళ్లు, ఆ పైన కూడా బతుకుతుంది. భారీ జాతులు చాలావరకు ఏడు నుంచి పదేళ్లే. మనం సగటున ఎనిమిదేళ్లు లెక్కేసుకుందాం.

రోజుకు ఇంకో మనిషి తిండి

పశువైద్యులు కుక్క తిండిని కేలరీల్లో లెక్కగడతారు. ఆ సూత్రం ప్రకారం 60 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 2,400 కేలరీలు కావాలి. ఇది ఎంతో తెలుసా? పల్లెల్లో పేదరికపు గీత గీయడానికి 1979లో ప్రణాళికా సంఘం మనిషికి రోజుకు పెట్టుకున్న లెక్క సరిగ్గా 2,400 కేలరీలే. అంటే ఈ కుక్కను తెచ్చుకోవడమంటే ఇంట్లో ఇంకో పెద్దమనిషికి రోజూ వండటమే. అదీ మాంసంతో.

పరుగులు పెట్టే గ్రేట్ డేన్‌కు ఇంతకంటే ఎక్కువే పట్టొచ్చు. నెమ్మదిగా పడి ఉండే జాతికి కొంత తగ్గొచ్చు. 15 కిలోల ఊరకుక్కకు మాత్రం 850 కేలరీలు చాలు. బరువు నాలుగింతలైతే తిండి నాలుగింతలు కాదుగానీ, మూడింతలకు కాస్త తక్కువగా ఉంటుంది.

ఇంట్లో వండి పెడితే

60 కిలోల కుక్కకు రోజు లెక్క ఇలా వేసుకోవచ్చు. ధరలు ఉదాహరణకు రాసినవే. మీ ఊరి ధరలు వేసి సరిచూసుకోండి.

బియ్యం 350 గ్రాములు (కిలో రూ.50 చొప్పున): రూ.17.50
ఎముక తీసిన, స్కిన్‌తో ఉన్న చికెన్ 400 గ్రాములు (కిలో రూ.250 చొప్పున): రూ.100
గుడ్లు 2 (ఒక్కోటి రూ.6.50): రూ.13
నూనె 20 గ్రాములు: రూ.3
గుమ్మడి, క్యారెట్, ఆకుకూర: రూ.6.50
మొత్తం రోజుకు: రూ.140

నెలకు రూ.4,200. ఏడాదికి రూ.51,100. ఎనిమిదేళ్లకు నాలుగు లక్షలు దాటిపోతుంది. ఇందులో వంటచెరకు లేదు, వండే మనిషి శ్రమ లేదు. పిల్లను ముప్పై వేలకు కొన్నారనుకుంటే, ఆ ధర ఏడెనిమిది నెలల తిండి ఖర్చుకు సమానం. అందుకే పిల్ల చవగ్గా వస్తోందని తొందరపడకండి. ఎవరైనా ఊరికే ఇచ్చినా సరే, నాలుగు లక్షల లెక్క మారదు.

బజారులో దొరికే ఎండు దాణా పెడదామంటే రోజుకు 680 గ్రాములు, నెలకు 20 కిలోలు కావాలి. కిలో రూ.250 రకమైతే నెలకు రూ.5,000. భారీ జాతుల కోసమని అమ్మే మేలు రకం కిలో రూ.700 అనుకుంటే నెలకు రూ.14,000. ఆ డబ్బుతో పాడిగేదెను మేపుకోవచ్చు. గేదె తిన్నది పాలై తిరిగొస్తుంది. కుక్క తిన్నది కాపలాగా తిరిగిరావాలి. వస్తుందా రాదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఖర్చు తగ్గించే దారులున్నాయి. బియ్యం బదులు నూకలు వండొచ్చు, కొంత భాగం చోడిపిండి జావ కాయొచ్చు. చికెన్ కొట్లో కందనకాయలు, గుండెకాయలు తక్కువకు దొరుకుతాయి. తీరంలో కవళ్లు చవగ్గా దిగిన రోజుల్లో ఉడికించి, ముళ్లు తీసి పెట్టొచ్చు. కానీ ఉత్త గంజన్నం, మజ్జిగన్నంతో నడిపిద్దామంటే కుదరదు. కడుపు నిండుతుందిగానీ కండ పట్టదు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర అన్నం పెట్టకండి. అవి కుక్క రక్తాన్ని చెడగొడతాయి. ఉడికిన కోడి ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇంటి తిండితో పెంచేవాళ్లకు ఇంకో మాట. అన్నం, మాంసంలో కాల్షియం చాలదు. కుక్కకు సరిపడే ఖనిజ మిశ్రమం డాక్టరు చెప్పిన మోతాదులో కలపాలి. పశువుల దాణాలో కలిపే మిశ్రమం ఇంట్లో ఉంది కదాని దాన్నే వేసెయ్యకండి.

పెరిగే వయసులో తొందరొద్దు

పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉండే గ్రేట్ డేన్ పిల్ల ఏడాదిన్నరలో 60 కిలోలవుతుంది. అంటే దాదాపు వందింతలు. ఐదారు నెలల వయసులోనే దాదాపు పెద్ద కుక్కతో సమానంగా తినేస్తుంది. కాబట్టి 'చిన్నపిల్లే కదా, ఇప్పుడే ఖర్చేముంటుంది' అనుకోకండి.

చాలామంది ఇక్కడే పొరపడతారు. పిల్ల త్వరగా బలియాలని అడిగినంతా పెట్టి, పైగా కాల్షియం సిరప్ పోస్తారు. ఆరు నెలల లోపు పిల్లకు ఎక్కువైన కాల్షియాన్ని ఒంట్లోకి రానివ్వకుండా ఆపుకునే శక్తి సరిగా ఉండదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980వ దశకంలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో, కాల్షియం అతిగా పెట్టిన పిల్లల ఎముకలు, కీళ్లు దెబ్బతిన్నట్టు తేలింది. తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. పిల్ల సన్నగా, నిదానంగా పెరగాలి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. అదే కొలత.

మందులకూ బరువే లెక్క

రేబిస్ టీకా అన్ని కుక్కలకూ సమానం. పదికిలోల కుక్కకైనా, అరవై కిలోల కుక్కకైనా ఒకే డోసు. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. వదులుకోకండి.

మందులు మాత్రం తూకం ప్రకారమే. నులిపురుగుల మందు ఎక్కువగా పది కిలోలకు ఒక మాత్ర చొప్పున ఉంటుంది. మూడు నెలలకోసారి వేస్తే 60 కిలోల కుక్కకు ఏడాదికి 24 మాత్రలు. ఊరకుక్కకైతే ఆరు. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి డాక్టర్లు డాక్సీసైక్లిన్ రాస్తారు. కిలోకు పది మిల్లీగ్రాముల చొప్పున, సాధారణంగా 28 రోజులు. పెద్ద కుక్కకు రోజుకు 600 మిల్లీగ్రాములు పడుతుంది. పిడుదుల చుక్కల మందు, ఆపరేషన్‌కిచ్చే మత్తుమందు కూడా అంతే. తిండి కాక మందులకు ఏడాదికి పదివేలైనా విడిగా పెట్టుకుంటే మంచిది.

గొర్రెలు, మేకలు ఉన్న ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కోసిన జీవాల తలకాయలు, పేగులు, ఊపిరితిత్తులు పచ్చివి కుక్కకు వేస్తే అందులోంచి బద్దెపురుగు కుక్క కడుపులో చేరుతుంది. కుక్క రెట్టతో ఆ గుడ్లు మేతలో కలిసి మళ్లీ గొర్రెకు చేరతాయి. గొర్రె మెదడులో నీటితిత్తి కట్టి, గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే జబ్బు ఇలా వచ్చేదే. ఇంకో రకం బద్దెపురుగు మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ విషయం మరువకూడదు.

కడుపు మెలిక: గంటల్లో ప్రాణం మీదికి

పశువుకు కడుపుబ్బరం అంటే మనకు తెలుసు. నూనె పట్టిస్తాం, నడిపిస్తాం. భారీ కుక్కకు వచ్చే ఉబ్బరం వేరు. గాలితో ఉబ్బిన కడుపు సంచి గిర్రున తిరిగి మెలిక పడుతుంది. రక్తం ఆగిపోతుంది. నూనె పోస్తే లోపలికి పోదు. ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ గంటల్లో జరగాలి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారి పరిశీలనల్లో అన్ని జాతుల్లోకీ గ్రేట్ డేన్‌కే ఈ ముప్పు ఎక్కువని తేలింది.

పొట్ట డప్పులా ఉబ్బడం, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒకచోట నిలవలేక తిరగడం దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్ల పైమాటే. అర్ధరాత్రి కారు కుదుర్చుకుని బయల్దేరి చేరేలోగా కుక్క దక్కకపోవచ్చు. అందుకే కొనక ముందే తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. మీకు దగ్గర్లో పెద్ద కుక్కకు కడుపు ఆపరేషన్ చేసే డాక్టరు ఎవరు? రాత్రిపూట దొరుకుతారా? మీ ఊరి పశువైద్యుణ్ని అడగండి. గరివిడి పశువైద్య కళాశాలలో విచారించండి.

ముప్పు తగ్గించుకోవాలంటే ఒకేపూట గుండిగెడు తిండి పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టాలి. ఆత్రంగా తినకుండా చూడాలి. తిన్న వెంటనే పరిగెత్తించకూడదు. గిన్నె ఎత్తుపీట మీద పెడితే మంచిదని అమ్ముతుంటారుగానీ, పర్డ్యూ పరిశీలనలో ఎత్తు గిన్నెల్లో తినేవాటికే ముప్పు ఎక్కువగా కనిపించింది. నేల మీదే పెట్టండి.

మన ఉక్క దానికి గిట్టదు

సెయింట్ బెర్నార్డ్ పుట్టిల్లు ఆల్ప్స్ పర్వతాలు. రెండువేల మీటర్లకు పైన మంచులో పెరిగిన జాతి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ రొప్పు పనిచెయ్యదు. వైశాఖ జ్యేష్ఠాల్లో మన తీరం ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒత్తు బొచ్చు కుక్కను రేకుల షెడ్డు కింద గొలుసుతో కడితే మధ్యాహ్నానికి వడదెబ్బే. తాటాకు పాక, గచ్చు నేల, ఫ్యాను, రోజుకు మూడు నాలుగు లీటర్ల మంచినీళ్లు తప్పనిసరి. కరెంటు బిల్లు కూడా లెక్కలో రాసుకోండి.

చట్టం ఏమంటోంది?

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ అడగండి. మాస్టిఫ్, కాకేషియన్ షెపర్డ్ సహా 23 రకాల కుక్కల దిగుమతి, అమ్మకం ఆపాలని కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తగవు ఎటుపోయినా మన బాధ్యత పోదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు హాని కలగకుండా చూడటంలో అశ్రద్ధ చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 60 కిలోల కుక్క లాగితే గొలుసు పట్టుకున్న పాలేరు ఆగగలడా? అదీ ఆలోచించండి.

కాపలాకు బరువెందుకు?

ఉద్దానంలో ఎలుగుబంట్ల భయం ఉంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. పెద్ద కుక్క ఉంటే ఎలుగును తరిమేస్తుందని ఆశపడటం సహజమే. కానీ కట్టేసి ఉన్న కుక్క ఎంత పెద్దదైనా ఎలుగుకు చిక్కుతుంది. వదిలేసిన కుక్క ఎలుగును రెచ్చగొట్టి, చివరికి యజమాని దగ్గరకే పరిగెత్తుకొస్తుంది, వెనక ఎలుగుతో సహా. కుక్క చెయ్యాల్సిన పని పోట్లాట కాదు, ముందే పసిగట్టి మొరగడం. అందుకు కావాల్సింది ముక్కు, చెవి, గొంతు. ఇవి ఊరకుక్కకు పుష్కలంగా ఉన్నాయి.

దొంగ సంగతీ అంతే. రెండు మధ్యరకం కుక్కలు తోట రెండు మూలలా తిరుగుతుంటే, గుమ్మంలో పడుకున్న ఒక్క భారీ కుక్కకంటే మేలు. పై లెక్క ప్రకారం చూస్తే 20 కిలోల కుక్కకు రోజు తిండి రూ.60 చిల్లరకు తేలిపోతుంది. రెండింటికీ కలిపినా ఒక్క భారీ కుక్క ఖర్చు దాటదు. జాతి కుక్కే కావాలంటే కృష్ణా, గోదావరి జిల్లాల్లో, కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందల వెంట తిరిగిన మన జోనంగి ఉంది. పొట్టి నున్నటి బొచ్చు, మన ఎండకు అలవాటుపడిన ఒళ్లు. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక దానికి పని కరువై, సంఖ్యా తగ్గిపోయింది. తమిళనాడు రాజపాళయం, కర్ణాటక ముధోల్ కూడా మన వాతావరణానికి తట్టుకునేవే.

ఇంత చదివాక కూడా భారీ కుక్క మీదే మనసుంటే తప్పకుండా పెంచండి. మనిషితో ఎంతో చెలిమిగా ఉండే జాతులవి. స్తోమత, స్థలం, తీరిక మూడూ ఉన్న ఇంట్లో అది సుఖంగా బతుకుతుంది. ఏ ఒక్కటి తక్కువైనా కష్టం మీకంటే ముందు దానికే. ఎముకల గూడై గొలుసుకు వేలాడేదీ, ఎవరూ చూడకుండా హైవే పక్కన వదిలేస్తే బిక్కుబిక్కుమని నిలబడేదీ అదే. దానికి అడవిలో వేటాడటం రాదు, ఊరకుక్కలా వీధిలో ఏరుకు తినడం రాదు.

కొనే ముందు ఈ ఐదు అడగండి

1. నెలకు రూ.4,200 తిండికి, ఏడాదికి రూ.10,000 మందులకు, పంట పోయిన ఏడాది కూడా పెట్టగలనా?
2. రోజూ రెండు పూటలు వండేదెవరు, నడిపించేదెవరు?
3. నీడ, గాలి, గచ్చు ఉన్న చోటు ఉందా?
4. రాత్రి పన్నెండు గంటలకు కడుపుబ్బితే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలి?
5. ఎనిమిదేళ్లు ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారా?

ఐదింటికీ జవాబు దొరికితే పిల్లను తెచ్చుకోండి. ఒక్కదానికి దొరక్కపోయినా పక్కవీధిలో ఊరకుక్క ఈనిందేమో కనుక్కోండి. పిల్ల ఊరికే వస్తుంది, టీకా వేయించి పిడికెడు ప్రేమగా పెడితే తోటకు పన్నెండేళ్ల కాపలా దొరుకుతుంది.