జిగురుకు పరీక్ష

ముప్పది సంవత్సరాలుగా విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుతున్న నేను, ఒకనాడు జిగురుకు పరీక్ష పెట్టవలసి వస్తుందని అనుకోలేదు. మా అమ్మగారికి ఎనుబది యేండ్లు దాటినవి. నేలమీద కూర్చుండి స్నానం చేసి లేవలేకున్నారు. ఇంటిలో మిగిలిన టేకు చెక్కలతో ఎత్తయిన పీట ఒకటి నా చేతులతోనే చేయ సంకల్పించాను.

పూర్వం వడ్రంగులు వాడిన వజ్రం, పశువుల తోళ్లను ఉడికించి తీసిన జిగురు. పొడిగా ఉన్నంతకాలం అది గట్టిదే; వేడినీరు తగిలితే మెత్తబడుతుంది. కనుక ఎపాక్సీని ఎన్నుకొన్నాను. 1946లో స్విట్జర్లాండులో ‘ఆరల్డైట్’ అన్న పేరుతో ప్రదర్శితమైనది ఈ జాతి జిగురే. ఇందులో రెండు భాగాలుంటాయి: ఒకటి రెసిన్, రెండవది దానిని గట్టిపరచే హార్డెనర్. ఇది తడి ఆరి గట్టిపడేది కాదు. రెండును సంయోగం చెంది ఒకే ఘనపదార్థమవుతాయి. అందుచేత తయారీదారు చెప్పిన పాళ్లు తప్పరాదు. త్వరగా బిగియవలెనని హార్డెనర్ అధికంగా కలిపితే అతుకు బలహీనమే అవుతుంది. అయిదు నిమిషాలలో బిగిసే రకమూ ఉన్నది గాని, నాలుగు కాళ్లు సరిచూచి నిలుపుకొనడానికీ, తడికి ఓర్చుకొనడానికీ నిదానంగా గట్టిపడే రకమే మేలు.

ముందుగా రెండు తునకలను చిత్రిక పట్టి అతికించాను. బాగుగా గట్టిపడిన పిదప వాటిని విరువబోగా అమ్మగారు చూచి, “విరగగొట్టడానికేనా నాయనా అతికించినావు?” అన్నారు.

“ఇవి విరిగితే నీవు పడవమ్మా!” అన్నాను.

విరిగినవి కావు, ఊడినవి. జిగురు ఒక చెక్కనుండి పెచ్చువలె లేచిపోయింది. చెక్కకు గీతయైనా పడలేదు. జిగురు మంచిది కాదని మొదట విసుగుకొన్నాను. దోషం నాదే. టేకులో సహజమైన నూనె ఉన్నది. తడికి ఆ కొయ్యను కాపాడే గుణమే జిగురును అంటనీయదు.

రెండవసారి చెక్కలను గరుకు కాగితంతో రుద్ది, నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట, అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే అతికించాను. జిగురు చర్మానికి తగులకుండ చేతులకు తొడుగులు వేసుకొన్నాను. మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా వెలికి పోతుంది కనుక మెల్లగా బిగించాను. కొన్ని దినాలు ఉంచి, వేడినీట నానబెట్టి, ఆరబెట్టి విరిచాను. ఈసారి కొయ్య పీచులు చీలినవి. అతుకు మాత్రం చెదరలేదు. ఉత్తీర్ణతకు గుర్తు అదే.

తప్పిన విద్యార్థి పత్రం చూచినప్పుడు ఆ తునకలు ఇప్పుడు నాకు గుర్తుకు వస్తాయి. అతికించక ముందు తుడువవలసినది మనం తుడిచామా?

పీట పూర్తయింది. దానిమీద ముందుగా కూర్చున్నది నేను, తరువాతనే అమ్మగారు.