ఇంట్లో గన్ ఉందా? సేఫ్ కొనేముందు ఇవి చూడండి

నేను ఉండేది టెక్సాస్‌లో. ఇంట్లో ఒక పిస్టల్ ఉంది, ఐదేళ్ల బాబూ ఉన్నాడు. పిస్టల్‌ని క్లోజెట్ పైఅరలో బట్టల కింద దాచేవాణ్ణి. ఒకరోజు మావాడు చాక్లెట్ల కోసం కుర్చీ లాక్కుని ఆ అర దాకా ఎక్కేశాడు. నాకు చెమటలు పట్టేశాయి. ఆ వారమే సేఫ్ కొన్నాను.

అప్పుడు తెలిసింది, దొంగకి ఆగడం వేరు, మంటకి ఆగడం వేరు అని. దొంగ విషయానికి 'యూఎల్ ఆర్ఎస్‌సీ' లేబుల్ చూడండి. మామూలు పనిముట్లతో 5 నిమిషాలు కొట్టినా తెరుచుకోకూడదు, అదీ పరీక్ష. ఉక్కు గేజ్ నంబర్ తగ్గేకొద్దీ రేకు మందం. అంటే 14 కన్నా 12 మేలు, 12 కన్నా 10 మేలు.

పాస్‌పోర్టులు కూడా అందులోనే పెడతాం కదా, అందుకే మంట సంగతీ చూడాలి. ఎంత వేడికి, ఎన్ని నిమిషాలు ఆగుతుందో రెండూ రాసి ఉండాలి. 'ఫైర్‌ప్రూఫ్' అన్న ఒక్క మాట నమ్మి కొనకండి.

కొన్నాక నేలకి బోల్టులు బిగించండి, లేకపోతే చిన్న సేఫ్‌ని దొంగ ఎత్తుకుపోతాడు. తుప్పు పట్టకుండా సిలికా జెల్ పెట్టండి. తూటాలు వేరేచోట తాళం వేసి ఉంచండి. కోడ్‌గా పుట్టినరోజు అస్సలు వద్దు, పిల్లలు ముందు నొక్కేది అదే!

మా ఇంట్లో చాక్లెట్లు ఇప్పుడు కింది అరలోకి వచ్చేశాయి. మళ్ళీ కలుద్దాం!