మరల శస్త్రచికిత్సకు ముందు

కంసాలికి బంగార మిచ్చుటకు ముందు మనము రెండు దుకాణములలో మజూరి విచారింతుము. పిల్లకు సంబంధము వచ్చినచో నాలుగు వైపులనుండి వాకబు చేయింతుము. ఇల్లు కట్టించునపుడు ఒక్క మేస్త్రీ మాటపై పునాది త్రవ్వింపము. కాని దేహమును కోయవలయునని ఒక వైద్యుడు చెప్పినపుడు మాత్రము తల యూచి, చూపినచోట సంతకము చేసి వచ్చెదము. ఆ కోత రెండవమారు కోతయైనను అంతే. ఇది తగదని మనవి చేయుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

స్థౌల్యమును తగ్గించుటకై జీర్ణాశయమునకు చేయు శస్త్రచికిత్స మన పట్టణములలో నేడు క్రొత్త మాట కాదు. ఒకమారు చేయించుకొనిన పిదప కొన్ని సంవత్సరములకు బరువు మరల పెరుగుటచేతనో, వేరొక బాధ పుట్టుటచేతనో రెండవమారు శస్త్రశాలకు పోవలసిన స్త్రీలును మన బంధువర్గములలో కలరు. మేము వైద్యులము కాము. బడిపంతులుగారి యింటి యిల్లాలము. మా యింట జరిగినదానిని, దానివలన మేము చదివి, అడిగి తెలిసికొనినదానిని చెప్పెదము.

మా వదినెగారు, అనగా మావారి యక్కగారు, 2017లో తమ 44వ యేట ఈ చికిత్స చేయించుకొనిరి. అప్పటికి బరువు 112 కిలోలు. మధుమేహము, మోకాళ్ల నొప్పి, నాలుగు మెట్లెక్కినచో ఆయాసము. వైద్యులు చేసినది స్లీవ్ అను చికిత్స. అనగా జీర్ణాశయములో నాలుగింట మూడు వంతులు కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా నుంచుట. ఏడాదిన్నరలో బరువు 76 కిలోలకు దిగెను. మధుమేహపు మాత్రలు సగము తగ్గెను. తిరుమల మెట్లు ఎక్కి వచ్చిరి. ఆ వైద్యుని పేరు చెప్పి దీపము పెట్టిన దినములును కలవు.

2021 నుండి రాత్రులందు పుల్లని నీరు గొంతులోనికి వచ్చుటయు, ఱొమ్మున మంటయు మొదలయ్యెను. బరువును మెల్లగా పెరిగి 2024 నాటికి 94 కిలోలయ్యెను. వదినెగారు ఎవ్వరికిని చెప్పలేదు. పెండ్లిండ్లకు పోవుట మానిరి. ఒకనాటి రాత్రి మా యింట వంటింటి గడపపై కూర్చుండి, "అమ్మాయీ! అంత సొమ్ము పోసి కోయించుకొని, మరల తిని తెచ్చుకొన్నదని యందరు గదా!" అని కన్నీరు పెట్టుకొనిరి.

ఆమె నోటినుండి వచ్చిన మొదటిమాట బాధ కాదు, నింద. దీనిని మనము గమనింపవలెను. చరకసంహిత సూత్రస్థానమునందలి 21వ అధ్యాయము అతిస్థౌల్యమునకు కారణములు చెప్పుచు, ఆహారవిహారములతో పాటు బీజస్వభావమును గూడ లెక్కించినది. తలిదండ్రులనుండి వచ్చినదానికి బిడ్డ నేమని నిందింతుము? నేటి శాస్త్రమును అట్లే చెప్పుచున్నది. తగ్గిన దేహము పోయిన బరువును మరల సంపాదించుకొనుటకే చూచును. ఆకలిని పెంచును, శక్తిని పొదుపుగా వాడును. కావున శస్త్రచికిత్స యైన కొన్ని యేండ్లకు కొంత బరువు తిరిగి వచ్చుట సామాన్యము. అది యెల్లప్పుడును జిహ్వచాపల్యము కాదు. ఎల్లప్పుడును రెండవ కోతకు హేతువును కాదు.

వదినెగారు మొదట చికిత్స చేసిన వైద్యశాలకే పోయిరి. పది నిమిషములలో మాట తేలిపోయెను. గొట్టము సాగి వెడల్పైనది, దానిని మరల కోసి సన్నము చేయవలెనని చెప్పిరి. వచ్చు వారమునకే దినము నిర్ణయించిరి. ఆ నెలలోనే చేయించుకొన్నచో ఖర్చులో కొంత తగ్గింపు గలదని కార్యాలయమువారు వేరుగా చెప్పిరి. ఈ తగ్గింపు మాట వినగానే మావారు, "అక్కా! పట్టుచీరకు తగ్గింపు చూడవచ్చును గాని కడుపుకోతకు చూడరాదు. మరియొకరిని అడుగుదము" అనిరి.

దానికి వదినెగారి సమాధానము ఇది: "తమ్ముడూ! నాకు మేలు చేసినవారిని అనుమానించినట్లు కాదా? రేపు వారి మొగము చూచు టెట్లు?"

సోదరీమణులారా! మనలో పలువుర నాపునది ఈ మొగమాటమే. విభీషణుడు శరణు వేడి వచ్చినపుడు శ్రీరాముడు ప్రాణస్నేహితుడగు సుగ్రీవుని మాట ఒక్కటియే విని యూరకుండలేదు. అంగదుని, శరభుని, జాంబవంతుని, మైందుని, హనుమంతుని మాటలును వినెను. అవి యొకదానితో నొకటి పొసగలేదు. అన్నియు విని, నిర్ణయము తానే చేసెను. అందువలన సుగ్రీవుని స్నేహమునకు కొరత కలిగెనా? ఇట్లు మేము చెప్పగా వదినెగారు మొదటిసారి నవ్విరి.

ఇది మొగమాటపు విషయము కాదు, హక్కు. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో సిద్ధపరచిన రోగి హక్కుల పత్రమున 17 హక్కులు కలవు. మరియొక వైద్యుని యభిప్రాయము పొందుట అందొకటి. రోగి గాని, అతని తరపువారు గాని కాగితములు కోరినచో 72 గంటలలో ఇయ్యవలెనని భారత వైద్యమండలి 2002 నిబంధనలు చెప్పుచున్నవి. చికిత్స యెట్టిది, దానివలని హాని యేమి, దానికి బదులుగా నున్న మార్గము లేవి అనునవి తెలిపినగాని రోగి సమ్మతి సమ్మతి కాదని సర్వోన్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పినది.

కాగితముల సంగతి తేలికగా చూడరాదు. పెద్దలయొద్దకు రిక్తహస్తములతో పోరాదందురు. క్రొత్త వైద్యునియొద్దకు పండ్లతో గాదు, కాగితములతో పోవలెను. ముఖ్యముగా మొదటి శస్త్రచికిత్సలో నేమేమి చేసిరో వ్రాసిన పత్రము కావలెను. ఆస్పత్రిలో నుండి చికిత్స పొందినవారి కాగితములను 3 సంవత్సరములు దాచినచాలునని పై నిబంధనలే చెప్పుచున్నవి. మా వదినెగారి చికిత్స జరిగి 7 సంవత్సరములు దాటెను. అదృష్టవశమున పత్రము దొరకెను. ఇపుడు చికిత్స చేయించుకొను వారు ఇంటికి వచ్చుటకు ముందే ఆ పత్రమును అడిగి, ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచుకొనుట మేలు.

రెండవ శస్త్రచికిత్స మొదటిదానికి నకలు కాదు. మొదటి కోత మానినచోట లోపలి యవయవములు ఒకదానికొకటి అతుకుకొని యుండును. కుట్టు పడిన చోటులకు రక్తప్రసారము తగ్గి యుండవచ్చును. అందువలన పని కష్టమగును, కాలము ఎక్కువ పట్టును, కుట్టు విడి లోపలిది కారు ప్రమాదము మొదటిసారికంటె హెచ్చు. పైగా ఈ శాస్త్రము ఇంకను నేర్చుకొనుచున్న శాస్త్రము. బైపాస్ అను పద్ధతిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున మేసన్, ఇటో అను శస్త్రవైద్యులు మొదలిడిరి. 1980 తరువాత జీర్ణాశయపు పైభాగమునకు పట్టీ బిగించు పద్ధతి వచ్చెను. కొన్ని యేండ్లు విరివిగా సాగి, పట్టీ జారుటచేతను, లోనికి ఒరసికొని పోవుటచేతను ఎందరికో తీసివేయవలసివచ్చి వెనుకబడెను. స్లీవ్ 2000 తరువాత ప్రత్యేక చికిత్సగా వ్యాపించెను; కొందరికి దానివలన ఛాతిలో మంట పుట్టునని అనుభవముమీద తెలిసెను. శాస్త్రమే తన మాటను దిద్దుకొనుచుండగా, ఒక్క వైద్యుని మాటనే వేదముగా నెంచుట యేల?

వేరొక నగరమున రెండవ శస్త్రవైద్యుని చూచితిమి. ఆయన బరువు తూచుటకు ముందు, "అమ్మా! మీకు ముఖ్యమైన బాధ యేది? బరువా, మంటయా?" అని యడిగెను. ఆ ప్రశ్న అదివరకు ఎవ్వరును అడుగలేదు. గొట్టముతో లోపల చూచు ఎండోస్కోపీయు, బేరియము త్రాగించి తీయు ఎక్సురేయు చేయించెను. రక్తపరీక్షలు చేయించెను. గొట్టము సాగనే లేదు. ఱొమ్మునకును కడుపునకును నడుమనున్న కండరపు తెర రంధ్రముగుండ జీర్ణాశయములో కొంత పైకి జారి యుండెను. అన్నవాహిక క్రింది భాగము పులుపునకు ఒరిసి పుండై యుండెను. గొట్టమును ఇంకను సన్నము చేసినయెడల లోపలి యొత్తిడి పెరిగి మంట హెచ్చునే గాని తగ్గదనియు, చేయవలసివచ్చినచో బైపాస్‌గా మార్చుట తగుననియు ఆయన చెప్పెను. కాని రక్తములో హిమోగ్లోబిను 8.9 మాత్రమే, బి12 విటమిను తక్కువ. ఈ స్థితిలో కోత కూడదనెను.

మూడవవారు శస్త్రవైద్యులు కారు; గ్రంథివ్యాధుల వైద్యురాలు. ఆమె థైరాయిడు లోపమును కనుగొనెను. ఆమెయొద్దనున్న ఆహారనిపుణురాలు ఒక వారము తిన్నదంతయు వ్రాయించెను. అప్పు డొక సంగతి బయటపడెను. గట్టి యన్నము దిగక మంట పుట్టునను భయమున వదినెగారు పాలలో నానిన బిస్కత్తులు, సేమ్యా పాయసము, చక్కెర టీ పలుమార్లు పుచ్చుకొనుచుండిరి. మెత్తనివి సుళువుగా దిగును, ఆకలి తీర్పవు, బరువు పెంచును. అది జిహ్వచాపల్యము కాదు. బాధకు వెరచిన ప్రాణి వెదకుకొనిన దారి.

మందులతో బరువు తగ్గించు మార్గమును గూర్చియు ఆ వైద్యురాలు చెప్పెను. ఇట్టి మందులలో తిర్జెపటైడు, సెమాగ్లుటైడు అను సూదిమందులు బరువు తగ్గించుటకై 2025లో మన దేశమున అమ్మకమునకు వచ్చినవి. ఇవియు వైద్యుని యాజ్ఞ లేక వాడదగినవి కావు. వికారము, వాంతి కలిగింపవచ్చును. మానినచో బరువు తిరిగి రావచ్చును. ఐనను మంట లేక, బరువు మాత్రమే పెరిగినవారు రెండవ కోతకు ముందు ఈ మార్గమును గూర్చి తప్పక విచారింపవలెను.

నాలుగు మాసములు ఇనుము, బి12, థైరాయిడు మందులు, మారిన యాహారము నడచినవి. బరువు 5 కిలోలు తగ్గెను. మంట మాత్రము తగ్గలేదు. అప్పుడు వదినెగారు తామే నిశ్చయించుకొని 2025 మొదట బైపాస్ చేయించుకొనిరి. దానికి ముందు మేము తొల్లింటి వైద్యునికి ఎండోస్కోపీ కాగితము చూపితిమి. ఆయన శ్రద్ధతో చదివి, "నేను ముందే చేయింపవలసినది. వారు చెప్పినదే సరి" అనెను. మనము భయపడిన కోపము ఎచ్చటను లేదు.

ఇపుడు వదినెగారి బరువు 83 కిలోలు. సన్నగా లేరు. రాత్రి వెల్లకిల పరుండి నిద్రపోవుచున్నారు. ఇనుము, బి12, కాల్షియము, డి విటమిను జీవితాంతము పుచ్చుకొనవలెను. ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను. నొప్పి మాత్రలు తోచినట్లు మ్రింగరాదు. కుట్టుచోట పుండు పడును. ఇదంతయు ముందే తెలిసియుండుటచే ఆమె మనసు కలతపడలేదు. "మొదటిమారు అందరును పొమ్మనగా పోయితిని. ఈమారు నేనే పోయితిని" అని ఆమె యనుమాట మాకు మిక్కిలి నచ్చినది.

ఇట్టి స్థితిలోనున్న సోదరీమణులు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. మొదటిది ఎందుకు చాలకపోయెను? ఏ పరీక్షవలన అది తెలిసెను? కోయకయే యుండినచో నేమగును? మందులు, ఆహారము, వేరొక చికిత్స కలవా? మీరిట్టి రెండవ చికిత్సలు ఎన్ని చేసితిరి? కుట్టు విడినచో రాత్రివేళ చూచువా రెవరు? ఖర్చు పెరిగినచో నెంత? రెండవ అభిప్రాయ మిచ్చు వైద్యుడు మొదటి వైద్యశాలకు సంబంధించినవాడు కాకుండుట మేలు. శస్త్రవైద్యుడు కాని వైద్యు నొకనిని గూడ అడుగుట ఇంకను మేలు. సంతానము గోరు వయసువారు ఈ చికిత్స పిదప ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు గర్భము దాల్చకుండుట మంచిదని వైద్యులు చెప్పుదురు. ఆ మాటయు ముందే యడుగవలెను.

ఐనను తమకు ప్రియమైన మాట వినబడువరకు వైద్యులను మార్చుచు పోరాదు. ఇద్దరి మాటలు వేరైనచో కారణములు అడిగి, మూడవవారిని చూచి, నిశ్చయించుకొనవలెను. ఆలోచనకు వ్యవధి లేని వేళలును కలవు. మంచినీరైనను దిగకున్నను, వాంతులు ఆగకున్నను, రక్తము కక్కినను, మలము నల్లబడినను, జ్వరముతో కడుపున తీవ్రమైన నొప్పి కలిగినను తత్‌క్షణమే వైద్యశాలకు పోవలెను. వాంతులు కొన్నాళ్లు సాగినచో బి1 విటమిను తరిగి నడక తడబడును, మతి చలించును. అది గడియలలో చూడవలసిన యాపద.

ఇంటివారికి ఒక మాట. బరువు తిరిగి వచ్చిన యాడుదానిని పంక్తిలో చూచి నవ్వకుడు. ఆమె పళ్లెమును లెక్కపెట్టుటకంటె, ఆమె కాగితములు సంచిలో పెట్టుకొని రెండవ వైద్యునియొద్దకు వెంట పోవుడు. ఆ ప్రయాణమున మా వదినెగారికి తోడుగానుండుట మాకు లభించిన భాగ్యము.