తెరకు తగిన గవాక్షము



పండుగనాడు మన యాడుపడుచులు వాకిట ముగ్గు వేయునప్పుడు మొదట చుక్కలు వరుసగా పెట్టి, పిమ్మట వానిని గీతలతో కలుపుదురు. చుక్కలు జానెడు ఎడముగా పెట్టినచో ముగ్గు వాకిలి నిండును. అవే చుక్కలు బెత్తెడు ఎడముగా పెట్టినచో ముగ్గు వాకిట నొక మూల కొదుగును. చుక్కల లెక్క మారలేదు. గీతల పోకడ మారలేదు. ముగ్గు పరిమాణము మాత్రము మారినది. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొన్నచో నేడు నేను చెప్పదలచిన విషయము మీకు కష్టముగా తోపదు.

కంప్యూటరు తెర యట్టి ముగ్గే. అది అడ్డముగను నిలువుగను వరుసలు తీర్చిన వెలుగుచుక్కల కూర్పు. ఆ చుక్కను పిక్సెల్ అందురు. అడ్డముగా నెన్ని, నిలువుగా నెన్ని యను లెక్కకు రిజల్యూషన్ అని పేరు. 1987వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ వి.జి.ఎ. అను నేర్పాటును తెచ్చినప్పుడు ఆ లెక్క అడ్డము 640, నిలువు 480. మొత్తము 3,07,200 చుక్కలు. తరువాత 800కి 600, 1024కి 768 వచ్చినవి. నేడు వాడుకలోనున్న తెరలు కొన్ని 1366కి 768, మఱికొన్ని 1920కి 1080. ఈ కడపటిదానియందు 20,73,600 చుక్కలు. 4కె యను తెరలో 3840కి 2160, అనగా 82,94,400. తెర వెడల్పు మాత్రము చుక్కలు పెరిగినంత వేగముగా పెరుగలేదు. కావున చుక్కలు దగ్గఱపడినవి.

బ్యాంకునకో సహకారసంఘమునకో పోయినప్పుడు గుమాస్తా తెరపై నొక చట్రము తెఱచి, అందులో మీ పేరు, ఊరు, సర్వే నంబరు ఎక్కించుట మీరు చూచియుందురు. ఆ చట్రమును విండో యందురు. గవాక్షమని నేను పిలిచెదను. అందు వ్రాయుటకు గడులు, నొక్కుటకు బొత్తాములు ఉండును. ఏ గడి యెచ్చట కూర్చుండవలెనో నిర్ణయించుట ప్రోగ్రాము వ్రాయువాని పని. నా వృత్తి యదియే. ఆ పనిలో నేను చేసిన యొక తప్పును ముందుగా చెప్పుకొనెదను.

కొన్ని సంవత్సరములక్రిందట నొక సహకార పరపతి సంఘమువారికి పంటఋణముల దరఖాస్తులు నమోదు చేయు ప్రోగ్రాము వ్రాసి యిచ్చితిని. నా బల్లమీది తెర 1280కి 1024. దానికి తగినట్లు నిలువు 900 చుక్కల గవాక్షము తీర్చి, ఒక్కొక్క గడిని ఎడమ అంచునుండి ఇన్ని చుక్కలు, పై అంచునుండి ఇన్ని చుక్కలు అని లెక్కకట్టి మేకులు కొట్టినట్లు బిగించితిని. అన్నిటికంటె అడుగున ‘భద్రపరచు’ అను బొత్తామును పెట్టితిని. చూచుటకు ముచ్చటగానే యుండెను. కాని సంఘమువారి తెర 1366కి 768. అందు అడుగున టాస్క్‌బారు 40 చుక్కలు తినగా మిగిలినది 728. నా గవాక్షములో 172 చుక్కల మేర తెరక్రిందికి దిగబడిపోయెను. బొత్తామును దానితోడనే పోయెను. అంచు పట్టి లాగి కుదించుటకు నేను వీలుంచలేదు; ఉంచినను, మేకులు కొట్టిన బొత్తాము పైకి రాకుండెడిది.

గుమాస్తా క్రొత్తవాడు. దరఖాస్తు అంతయు శ్రద్ధగా నింపి, పైమూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసివేసెడివాడు. ఖాతాపుస్తకము మూసినంతమాత్రమున అందు వ్రాసినది చెరిగిపోదు గదా! అతడట్లే తలచెను. అతని తలంపులో తప్పు లేదు. భద్రపరచక మూసినచో ఒక మాటయైన అడుగకుండ వ్రాసినదంతయు పోవునట్లు వ్రాసినవాడను నేను.

ఆ ప్రాంతపు వృద్ధరైతొకరు తన దరఖాస్తుకొఱకు ఆరుమైళ్లు నడచి మూడుమార్లు వచ్చిరి. మూడవమారు నేనచ్చటనే యుంటిని.

“ఏమయ్యా, నా కాగితం సంగతేమైంది?” అని ఆయన అడిగిరి.

“పెదనాన్నగారూ, మీ పేరు ఇందులో కనబడటం లేదండి. నేనే ఎక్కించాను, ఏమైందో తెలియటం లేదు” అని గుమాస్తా బిక్కమొగము వేసెను.

“నువ్వు ఎక్కిస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను గదా! అదను దాటిపోతుంటే షావుకారు దగ్గర తెచ్చి నాట్లు వేయించాను. ఇక మీ అప్పు నాకెందుకు?”

షావుకారు వడ్డికిని సంఘపు వడ్డికిని గల తేడా ఆయన చేతినుండి పోయెను. ఆ తేడాకు కారణము తెరక్రింద దాగిన యొక బొత్తాము. నేను నోరెత్తలేకపోతిని.

ఆ రాత్రి నేను చేసిన మొదటి చికిత్స మఱింత తెలివితక్కువది. 728ని 900చే భాగించి, వచ్చిన నిష్పత్తితో నిలువు కొలతలన్నిటిని గుణించితిని. ప్రతి గడియు, ప్రతి బొత్తామును సుమారు ఐదవవంతు కుదించుకొనెను. గవాక్షము తెరలో పట్టినది. అక్షరములు గడులలో పట్టలేదు. ఆంగ్లాక్షరముల కొలతకు చేసిన గడిలో మన తెలుగు మొదటనే ఇఱుకుగా నుండును. ఏలయన మన లిపికి పైన గుడి, క్రింద ఒత్తు, కొన్నియెడల రెండేసి ఒత్తులు. ‘రాష్ట్రము’ అను మాట కెంత నిలువు కావలెనో వ్రాసి చూడుడు. గడి కుదియగనే అడుగున ఒత్తులు తెగిపోయినవి. ‘వడ్డి’ యనునది ‘వడి’ యయ్యెను. అప్పుల పద్దులో ఇంతకంటె అపహాస్యము వేఱొకటి కలదా?

పెండ్లిపందిరి వేయువారు ఇట్లు చేయరు. వాకిలి పెద్దదైనచో రాటలు ఎక్కువ పాతి, తాటాకు ఎక్కువ పఱతురుగాని పెండ్లిపీటలను పెంచరు. చోటు తక్కువైనచో బంతికి కూర్చుండువారిని తగ్గించి మఱియొక బంతి వేయుదురుగాని విస్తరిని సగము చేయరు. ఏది సాగవలెను, ఏది సాగరాదు అను వివేకము వారికి చేతిపనిలోనే అలవడినది. నాకు అలవడలేదు.

ఈ వివేకమును యంత్రమునకు నేర్పు మార్గము క్రొత్తది కాదు. అమెరికాలో డొనాల్డ్ కునుత్ అను పండితుడు పుస్తకములు కూర్చుటకు 1978లో టెక్ అను ప్రోగ్రామును చేసినప్పుడు, పుటలోని ప్రతి యక్షరమును, ప్రతి పంక్తిని ఒక పెట్టెగా నెంచి, పెట్టెల నడిమి ఖాళీని సాగుటకును ముడుచుకొనుటకును వీలైన జిగురుగా భావించెను. గవాక్షముల కూర్పునందును దీనికి దగ్గఱి యూహయే పనిచేయును. 1996లో వెలువడిన జావా భాష పలువిధముల యంత్రములపై నడువవలసినది గనుక దానియందు మొదటనే ఇట్టి కూర్పరి నుంచిరి. మైక్రోసాఫ్టువారు 2002లో తెచ్చిన విండోస్ ఫార్మ్స్‌లో గడిని ఒక అంచునకు కట్టివేయు సదుపాయమును, 2005లో అడ్డువరుసలు నిలువువరుసలుగా పంచు పట్టికయు వచ్చినవి. ఇవి యన్నియు నా చేతికందునంత దూరముననే యుండగా నేను చుక్కలు లెక్కపెట్టుచు కూర్చుంటిని.

కూర్పరి పని రెండు విడతలు. మొదటి విడతలో ప్రతి పెట్టెను ‘నీకు తక్కువపక్ష మెంత చోటు కావలెను?’ అని అడుగును. పెద్దపెట్టె తనలోని చిన్నపెట్టెల నడిగి, వాని లెక్క కూడి, పైవానికి చెప్పును. పేరుచీటి తనయందలి అక్షరములను కొలిచి జవాబు చెప్పును. కావున ఆంగ్లము తీసి తెలుగు పెట్టినను, అక్షరము పెద్దది చేసినను, ఆ జవాబు దానంతటదియే మారును, ఒత్తు తెగదు. రెండవ విడత పైనుండి క్రిందికి పంపకము. అందఱి కనీసమును తీరిన పిమ్మట మిగిలిన చోటును ముందుగా వ్రాసియుంచిన పాళ్ల ప్రకారము పంచును. ఇది అన్నదమ్ముల పంపకమువలె సమానముగా నుండనక్కఱలేదు. నా గవాక్షములో మిగులు నిలువంతయు సభ్యుల జాబితాకే యిచ్చితిని. చోటు పెరిగినచో ఎక్కువ పేర్లు కనబడును. అడ్డపు మిగులులో పేరు గడికి రెండు పాళ్లు, ఊరు గడికి ఒక పాలు. సర్వే నంబరునకు ఏమియు లేదు. బొత్తామునకును లేదు, బొత్తాము వెడల్పైనంతమాత్రమున దరఖాస్తు మఱింత భద్రమగునా? ఆ బొత్తామును మాత్రము గవాక్షపు అడుగుటంచునకు కట్టివేసితిని. అంచు ఎక్కడికి జరిగిన అదియు అక్కడికే జరుగును. కనీసపు చోటైనను దొరకనప్పుడు నడిమి గడులు మాత్రము ఏతపు బానవలె పైకి క్రిందికి జరుగును, బొత్తాము కదలదు. మూయునప్పుడు ‘భద్రపరచవలెనా?’ అని అడుగు మాటను కూడ చేర్చితిని. ఇది తెర కొలతలకు సంబంధించినది కాదుగాని, దీనిని వదలినవాడు ఎన్ని పెట్టెలు కూర్చినను వ్యర్థమే.

ఇక ముగ్గు చుక్కలు దగ్గఱపడిన సంగతి. విండోస్ యంత్రములందు అంగుళమునకు 96 చుక్కలని ఒక కట్టుబాటు కలదు. తెరలో చుక్కలు అంతకంటె చిక్కనైనచో అక్షరము చీమతలకాయంత యగును. 2012లో ఆపిల్ సంస్థ 2880కి 1800 చుక్కల ఒడికంప్యూటరును తెచ్చినప్పుడు, ఒక్కొక్క పాతచుక్కకు అడ్డము రెండు, నిలువు రెండు క్రొత్తచుక్కలను కేటాయించి అక్షరము పరిమాణము చెడకుండ చేసెను. విండోస్‌లో దీనికి 125, 150, 200 వంతులని నూటికి లెక్క చెప్పు సదుపాయము కలదు. చత్వారము వచ్చినవారును దీనినే వాడుకొందురు. అయితే ప్రోగ్రాము తనకు ఈ లెక్క తెలియునని ముందుగా ప్రకటింపవలెను. ప్రకటింపనిచో, విస్టా కాలమునుండి, విండోస్ ఆ గవాక్షమును చిన్న ఫోటోను పెద్దదిచేసినట్లు సాగదీయును, అక్షరములు మసకబాఱును. ఒకే యంత్రమునకు రెండు తెరలుండి ఒకదానిలో చుక్కలు పలుచగను, ఇంకొకదానిలో చిక్కగను ఉన్నచో, తెరతెరకు వేఱులెక్క చూచు వీలు 2013లో విండోస్ 8.1తో వచ్చినది.

ఇచ్చట నాకు ఆలస్యముగా తట్టిన విషయమొకటి చెప్పవలెను. అక్షరమును పెంచుటయు తెరను కుదించుటయు ఒకటే. 1366కి 768 తెరమీద అక్షరములను నూటికి 150 చేసినచో, గవాక్షమునకు మిగులునది 911కి 512 కొలతతో సమానము. ఈ 512 యనునది 1987 నాటి 480కి ఎంత దగ్గఱయో చూడుడు! పెద్దతెరలు వచ్చినవిగదా, ఇక చిన్నతెరల చింత యేల అనువారు, కనుచూపు తగ్గినవారిని మఱచినవారు. అందుచే నేనిప్పుడు ఏ గవాక్షమునైనను 911కి 512లో తెలుగు అక్షరములతో తెఱచి చూడక చేయి విడువను.

మఱుసటి పంటకాలమున సంఘమునకు పోతిని. గుమాస్తాకు పైయధికారి కండ్లు తగ్గినవారు. అక్షరములు 150 చేసి పెట్టించుకొనిరి. జాబితాలో ఆరు పేర్లే కనబడుచున్నవి. అడుగున బొత్తాము చెక్కుచెదరక యున్నది. ఆ వృద్ధరైతు మఱల వచ్చి, నన్ను గుర్తించి, “అబ్బాయీ, ఈసారి నా కళ్ల ఎదుటే నొక్కించు” అనిరి. గుమాస్తా తెరను ఆయనవైపు త్రిప్పెను. ఆయన అక్షరము అక్షరముగా చదివి, “ఆగు, ఆగు. మా ఊరి పేరులో దీర్ఘం పోయింది” అనిరి. గుమాస్తా దీర్ఘము చేర్చి బొత్తాము నొక్కెను.